నిప్పురవ్వకు సరైన వేళ: టూ స్ట్రోక్ ఇంజన్‌లో టైమింగ్ సరిచేయడం

పరిచయం

భిలాయి ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించబడింది. అందులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఈ ఊరిలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెక్టార్ల నుంచి, ఖుర్సీపార్ నుంచి, సుపేలా నుంచి షిఫ్టుకు వెళ్ళేవారిలో చాలామందికి ఒకప్పుడు చేతక్ స్కూటరు, లూనా, రాజ్‌దూత్ వంటి బండ్లే ఆధారం. అవి టూ స్ట్రోక్ బండ్లు. 2000 తరువాత పొగ నిబంధనలు కఠినమైన కొద్దీ వీటి తయారీ క్రమంగా ఆగిపోయింది. అయినా పాత బండిని ఇంకా నడుపుకొంటున్నవారు ఉన్నారు.

మీరే ఆ బండి యజమాని అనుకోండి. తెల్లవారుజామున షిఫ్టు వేళ దగ్గరపడింది. ఎన్నిసార్లు కిక్కు కొట్టినా ఇంజన్ అందుకోదు. ఒకసారి కిక్ పెడల్ ఎదురు తన్ని కాలికి దెబ్బ కూడా తగిలింది. పెట్రోలు ఉంది, ప్లగ్ కొత్తది. మరి లోపం ఎక్కడ? రవ్వ వస్తున్నది, కాని రావలసిన వేళకు రావడం లేదేమో!

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రవ్వ ముందుగా ఎందుకు రావాలో వివరించగలుగుతారు.
- టైమింగ్ తప్పిందని లక్షణాలను బట్టి గుర్తించగలుగుతారు.
- పాయింట్లు ఉన్న ఇంజన్‌లో టైమింగ్‌ను సరిచేసే క్రమం చెప్పగలుగుతారు.

రవ్వ ముందుగా ఎందుకు రావాలి?

పెట్రోలు, గాలి మిశ్రమం రవ్వ పడగానే ఒక్కసారిగా మండిపోదు. మంట వ్యాపించడానికి కొంత సమయం పడుతుంది. పిస్టన్ పైకొస దాటి కిందికి దిగడం మొదలుపెట్టిన వెంటనే పీడనం అత్యధికంగా ఉంటే ఇంజన్‌కు మంచి బలం వస్తుంది. కాబట్టి పిస్టన్ పైకొసకు చేరకముందే రవ్వ పడాలి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు అవుతాయి. ఒక్క చుట్టుకు పట్టే కాలం సెకనులో 50వ వంతు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి చుట్టుకు ఒక రవ్వ పడుతుంది. రవ్వ 20 డిగ్రీలు ముందుగా పడితే, పిస్టన్ పైకొసకు చేరేలోపు మంటకు దొరికే సమయం సెకనులో సుమారు 900వ వంతు మాత్రమే. ఇంత తక్కువ సమయంలో కొద్దిపాటి తేడా కూడా ఇంజన్‌కు తెలుస్తుంది.

లక్షణాలు

రవ్వ మరీ ముందుగా పడితే కిక్కు ఎదురు తన్నుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో టకటకమనే శబ్దం వస్తుంది. ఇంజన్ అతిగా వేడెక్కుతుంది. అలాగే నడిపితే పిస్టన్ తలకు చిల్లు పడవచ్చు.

రవ్వ ఆలస్యమైతే బండికి లాగే శక్తి తగ్గుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సైలెన్సరు గొట్టం బాగా కాలుతుంది.

సరిచేసే క్రమం

1. ఇంజన్‌ను చల్లారనివ్వండి. ప్లగ్ విప్పండి. అప్పుడు ఇంజన్‌ను చేతితో సులువుగా తిప్పవచ్చు.

2. ముందుగా పాయింట్ల సందు చూడండి. ఫ్లైవీల్ కిటికీలో చూస్తూ, పాయింట్లు పూర్తిగా తెరుచుకొనేదాకా తిప్పి ఫీలర్ గేజ్‌తో కొలవండి. చాలా బండ్లలో ఇది 0.3 నుంచి 0.5 మి.మీ. ఉంటుంది. మీ బండి పుస్తకంలోని కొలతనే పాటించండి.

3. ఇంజన్ నడిచే దిశలోనే ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పండి. పాయింట్ల మధ్య పలుచని కాగితం ముక్క ఉంచి నెమ్మదిగా లాగుతూ ఉండండి. అది జారిన క్షణమే పాయింట్లు తెరుచుకొనే క్షణం. రవ్వ పుట్టేది అప్పుడే. ఆ క్షణానికి ఫ్లైవీల్ గుర్తు, ఇంజన్ కేసు గుర్తు కలవాలి.

4. గుర్తులు కలవకపోతే స్టేటర్ ప్లేటు స్క్రూలు వదులు చేయాలి. చాలా బండ్లలో ఇందుకు పుల్లరుతో ఫ్లైవీల్ తీయాలి. సుత్తితో కొట్టకండి. ఇంజన్ తిరిగే దిశకు ఎదురుగా ప్లేటు జరిపితే రవ్వ ముందుకు వస్తుంది. తిరిగే దిశలోనే జరిపితే ఆలస్యమవుతుంది.

5. స్క్రూలు బిగించి, ఫ్లైవీల్ కీ అరగలేదని చూసుకొని, ఫ్లైవీల్ అమర్చి మళ్ళీ పరీక్షించండి.

గమనిక: సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది. అందుకే సందు ముందు, టైమింగ్ తరువాత.

జాగ్రత్త

ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ తీగను తాకకండి. తలుపులు మూసిన గదిలో ఇంజన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

మీకు తెలుసా?

పొలాల్లో మందు చల్లే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్లలోను, కొండదారుల్లో పందేలకు వాడే మోటారు సైకిళ్ళలోను ఇప్పుడు పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ విధానం ఉంటుంది. అరిగే భాగం లేదు కనుక టైమింగ్ తరచుగా తప్పదు. సూత్రం మాత్రం ఇదే.

పాఠ్యాంశ ప్రశ్న

పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ అరిగిపోయింది. రవ్వ ముందుగా వస్తుందా, ఆలస్యంగా వస్తుందా? ఎందుకు?

జవాబు: ఆలస్యంగా వస్తుంది. మడమ అరిగితే పాయింట్ల సందు తగ్గుతుంది, అవి ఆలస్యంగా తెరుచుకొంటాయి. బాగున్న బండి కొన్ని నెలలకు మెల్లగా బలం కోల్పోవడానికి ఇదొక కారణం. కాబట్టి మెకానిక్ దగ్గరకు వెళ్ళేముందు మీరే ఒకసారి సందు కొలిచి చూడండి.