విజిల్‌కి అందని ఆట

ప్రత్యర్థి ఆటగాడు దెబ్బ తగిలి పడిపోతే, బంతి తమ దగ్గరున్నా సరే కావాలనే బయటికి తన్నేయడం ఫుట్‌బాల్‌లో మర్యాద. ఆట మళ్లీ మొదలయ్యాక అవతలి జట్టు ఆ బంతిని తిరిగి ఇచ్చేస్తుంది. నియమావళిలో ఇది ఎక్కడా రాసి లేదు. పాటించకపోతే రెఫరీ విజిల్ ఊది ఆపలేడు.

1999 ఫిబ్రవరి 13న లండన్‌లో ఎఫ్ఏ కప్ మ్యాచ్. ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ చెరో గోల్‌తో సమంగా ఉన్నాయి. తమ ఆటగాడు గాయపడటంతో షెఫీల్డ్ గోల్‌కీపర్ బంతిని బయటికి కొట్టాడు. ఆర్సెనల్ ఆటగాడు రే పార్లర్ త్రో వేసి, పద్ధతి ప్రకారం దాన్ని ఆ గోల్‌కీపర్ వైపే పంపాడు. ఆర్సెనల్ తరఫున ఆ రోజే తొలిసారి ఆడుతున్న నైజీరియా ఆటగాడు కాను సంగతి గ్రహించక, మధ్యలో బంతిని అందుకుని సహచరుడు ఓవర్‌మార్స్‌కు ఇచ్చాడు. గోల్! నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి రెఫరీ దాన్ని ఒప్పుకోక తప్పలేదు. ఆర్సెనల్ 2-1తో గెలిచింది. మ్యాచ్ ముగియగానే ఆర్సెనల్ మేనేజర్ ఆర్సెన్ వెంగర్, మళ్లీ ఆడదామని తానే ప్రతిపాదించాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం సరేనంది. పది రోజులకు మళ్లీ ఆడారు. ఈసారీ ఆర్సెనలే, అదే 2-1తో గెలిచింది. మొదటి గెలుపు కంటే ఈ రెండోదే నాకు నిండుగా కనిపిస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2019 ఏప్రిల్ 28న, లీడ్స్ యునైటెడ్ మైదానంలో దాదాపు ఇదే పరిస్థితి. ఆస్టన్ విల్లా ఆటగాడు కింద పడి ఉన్నాడు. లీడ్స్ బంతిని బయటికి కొడుతుందనుకుని విల్లా ఆటగాళ్లు నెమ్మదించారు. లీడ్స్ ఆట ఆపలేదు, ఆ జట్టు ఆటగాడు క్లిచ్ గోల్ కొట్టాడు. తోపులాటలు, అరుపులు. లీడ్స్ కోచ్ మార్సెలో బియెల్సా మాత్రం విల్లాను గోల్ కొట్టనివ్వమని తన ఆటగాళ్లకు గట్టిగా చెప్పాడు. విల్లా ఆటగాడు అడోమా బంతిని నడిపించుకుంటూ పోయి గోల్‌లో వేశాడు. లీడ్స్ డిఫెండర్ యాన్సన్ ఒక్కడే మనసొప్పక అడ్డుకోబోయాడు. అతణ్ని తప్పుపట్టలేను. సీజనంతా చెమటోడ్చాక చేతికొచ్చిన ఆధిక్యాన్ని ఉచితంగా వదులుకోమంటే ఎవరికైనా కష్టమే. మ్యాచ్ 1-1తో ముగిసింది. నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్లాలన్న లీడ్స్ ఆశ ఆ డ్రాతో పూర్తిగా పోయింది. ఆ ఏడాది ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు బియెల్సాకూ లీడ్స్‌కూ దక్కింది.

అందరూ ఇలా దిద్దుకోరు. 2012 నవంబరులో చాంపియన్స్ లీగ్‌లో, డెన్మార్క్ జట్టు నోర్‌షెలాన్‌కు తిరిగి ఇస్తున్న బంతిని పట్టుకుని షాక్తార్ దొనెత్స్క్ ఆటగాడు లూయిజ్ ఆద్రియానో గోల్ కొట్టేశాడు. గోల్ నిలిచింది. తర్వాత యూఈఎఫ్ఏ అతనిపై ఒక మ్యాచ్ నిషేధం వేసింది. రాయని నియమాన్ని మీరినందుకు రాతపూర్వకమైన శిక్ష!

అసలు పెనాల్టీ కిక్ పుట్టుకే ఈ మర్యాదను గాయపరిచింది. ఐర్లండ్ గోల్‌కీపర్ విలియం మెక్రమ్ సూచనతో 1891లో ఇది నియమాల్లోకి ఎక్కింది. పెద్దమనిషి కావాలని ఫౌల్ చేస్తాడా అని ఇంగ్లండ్‌లోని కొరింథియన్ క్లబ్ నొచ్చుకుంది. తమకు పెనాల్టీ ఇస్తే ఆ ఆటగాళ్లు గోల్ కొట్టకుండా వదిలేసేవారని చెబుతారు.

ఆ పట్టుదల పూర్తిగా అంతరించలేదు. 2003లో హాంకాంగ్‌లో ఇరాన్, డెన్మార్క్ తలపడ్డాయి. ప్రేక్షకుల్లోంచి వినిపించిన ఈలను రెఫరీ విజిల్ అనుకుని ఇరాన్ ఆటగాడు బంతిని చేత్తో పట్టుకున్నాడు. పెనాల్టీ ఇచ్చారు. డెన్మార్క్ ఆటగాడు వీగ్‌హోర్స్ట్ కోచ్‌తో మాట్లాడి, బంతిని కావాలనే పక్కకు తన్నాడు. డెన్మార్క్ 0-1తో ఓడింది.

2012 సెప్టెంబరులో నపోలీపై లాజియో ఆటగాడు మిరోస్లావ్ క్లోజా గోల్ చేశాడు. అది తన చేతికి తగిలి లోపలికి వెళ్లిందని రెఫరీకి తనే చెప్పి రద్దు చేయించాడు. లాజియో ఆ రోజు మూడు గోల్స్ తేడాతో ఓడింది.

ఇక ఈ మర్యాదను లెక్కల్లోకి తెస్తే ఏమవుతుందో 2018 ప్రపంచకప్ చూపించింది. గ్రూప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లలోనూ గోల్స్‌లోనూ సమానం. వాటి మధ్య మ్యాచ్ కూడా 2-2 డ్రా. చివరికి పసుపు కార్డులు లెక్కపెట్టారు: జపాన్‌కు నాలుగు, సెనెగల్‌కు ఆరు. జపాన్ ముందుకెళ్లింది. అయితే పోలండ్‌తో చివరి మ్యాచ్‌లో 0-1తో వెనకబడి ఉండి కూడా, ఆఖరి నిమిషాల్లో ఈ కార్డుల లెక్కనే నమ్ముకుని జపాన్ ఆటగాళ్లు గోల్ కోసం పోరాడకుండా బంతిని తమలో తామే తిప్పుకున్నారు. స్టేడియం ఈలలతో గోల చేసింది. కార్డులు తక్కువ ఉండటాన్ని క్రీడాస్ఫూర్తి అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్రీడాస్ఫూర్తి అంటే నాకు గుర్తొచ్చేది వేరే. హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు 1962 ఆసియా క్రీడల ఫైనల్‌కు చేరినప్పుడు, జకార్తా జనం భారత్‌పై కోపంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకరు తప్పుపట్టడమే అందుకు కారణం. ఎగతాళి కేకల మధ్య మనవాళ్లు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచారు. అంత ద్వేషంలోనూ తమకోసం గొంతెత్తినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి జట్టువాళ్లు చెప్పేవారు. అదే క్రీడల్లో హాకీ స్వర్ణాన్ని భారత్‌ను ఓడించి తీసుకెళ్లింది ఆ పాకిస్తాన్ జట్టే.