బడి దారి ఎవరిది?

వాన కురిసిన మరుసటి రోజు మా బడి హాజరు పట్టీ చూస్తే చాలు, ఏ దారి చెడిందో తెలిసిపోతుంది. కెలమంగలం చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచీ, సైకిలెక్కీ వచ్చే పిల్లలు మాకున్నారు. మోరీ పక్కన గుంత నిండిందంటే చిన్న తరగతుల వాళ్లు ఆ పూట రారు.

నిరుడు ఆ గుంత గురించి మేము ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. కొన్ని నెలల తర్వాత వెళ్లి అడిగితే, "అది మా దారి కాదండీ" అన్నారు. ఎవరికివ్వాలో ముందుగా కనుక్కోకపోవడం మా పొరపాటే. అందుకే ఈసారి మొదట దారి ఎవరిదో వెతికాం. ఆ తెలుసుకున్నది తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

కెలమంగలం పట్టణంలోని వీధులు పేరూరాట్చి చూసుకోవాలి. పల్లెలోని దారులు గ్రామ ఊరాట్చివి. యూనియన్ దారులుగా నమోదైనవి కెలమంగలం ఊరాట్చి ఒన్రియానివి. 1994 నాటి తమిళనాడు పంచాయతీల చట్టంలో 110వ సెక్షను గ్రామ పంచాయతీకీ, 112వ సెక్షను యూనియన్‌కూ తమ తమ దారులు వేయడం, బాగుచేయడం విధిగా పెట్టాయి. దారి మీది మోరీలు కూడా అందులోనే వస్తాయి. రాష్ట్ర రహదారులు, జిల్లా రహదారులు మాత్రం హైవేస్ శాఖవి.

కిలోమీటరు రాయి తల రంగు కూడా కొంత చెబుతుంది. పసుపు జాతీయ రహదారి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారి, నారింజ గ్రామీణ రోడ్డు. రాయి లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుము కట్టి, ఈ దారి ఏ శాఖదని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన దారయితే, వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు మరమ్మతులు చూడాలి. దారి మొదట్లో బోర్డుంటే, పని ముగిసిన తేదీ చూసుకోండి.

దారిని పాడుచేసేది టిప్పర్లే అనుకుంటాం. వాటికన్నా ముందు పాడుచేసేది నీరు. పక్క కాలువ పూడుకుపోతే వాననీరు తారు కిందికి దిగి, అడుగు పొరను మెత్తబరుస్తుంది. ఆ తర్వాత చక్రం ఎక్కితే తారు కుంగి పగులుతుంది. కాబట్టి కాలువలో పూడిక తీయమనే అర్జీ వానలకు ముందే ఇవ్వాలి. గుంత పూడ్చేటప్పుడు అంచులు నిటారుగా కోసి, దుమ్ము ఊడ్చి, తారు పూసి, తారు కలిపిన జల్లి నింపి గట్టిగా అణచాలి. గుంతలో ఊరికే మన్ను పోస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. పని జరిగే రోజు ఇద్దరు తల్లిదండ్రులు నిలబడి చూసినా మేలే.

ఇక భాష సంగతి. "తమిళంలో రాయడం రాదు సార్, అందుకే ఊరుకున్నాం" అనే తల్లిదండ్రులు మాకు చాలామంది తెలుసు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే విన్నపాన్ని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వవచ్చు. తెలుగు అర్జీ కూడా అర్జీయే. పల్లెవాళ్లు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల గ్రామసభల్లో నోరు విప్పి చెప్పవచ్చు. కృష్ణగిరి కలెక్టరాఫీసులో సోమవారాలు జరిగే ప్రజావిన్నపాల రోజు అందరికీ ఉంది.

అయితే చదివే అధికారికి తెలుగు రాకపోతే పని ఆలస్యమవుతుంది. దానికి మందు మన ఇళ్లలోనే ఉంది. 2006 చట్టం వచ్చాక మన పిల్లలు తమిళం కూడా నేర్చుకుంటున్నారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో బస్టాండు నుంచి బడి దాకా పటం గీసి, ఎక్కడివరకు ఎవరి దారో రంగులు వేశారు. మోరీ ఏ రంగులో పడిందో చూశాక అర్జీ తెలుగులో రాశారు. దాని కిందే తమిళంలోనూ రాశారు. ఊళ్లో పెద్దలు సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.

ఈసారి రసీదు దొరికింది. కాలువలో పూడిక తీశారు. గుంత ఇంకా అలాగే ఉంది. రసీదు నంబరు, తేదీ తరగతి గోడ మీద రాసిపెట్టాం. నెలకొకసారి వెళ్లి అడిగి రావడం పిల్లలు వంతులు వేసుకున్నారు. వాళ్ల వెంట ఒక పెద్దమనిషి వెళ్లాలి. ఆ వంతు మనది.