వెలుగు ట్యూబుది, పొదుపు చోక్‌ది

ట్యూబ్‌లైట్‌ను తిన్నగా మెయిన్స్‌కు కలిపితే అది బతకదు. లోపలి పాదరసపు ఆవిరిలో కరెంటు పారేకొద్దీ నిరోధం తగ్గుతుంది, నిరోధం తగ్గేకొద్దీ కరెంటు ఇంకా దూసుకొస్తుంది. దాన్ని అదుపులో పెట్టేదే చోక్. ఇంజనీర్లు బ్యాలస్ట్ అంటారు.

పాత ట్యూబ్‌లైట్ పట్టీల్లో ఉండేది ఇనుప రేకుల దొంతరకు రాగి తీగ చుట్టిన బరువైన చోక్. 36 వాట్ల ట్యూబును వెలిగించడానికి అది మరో పది వాట్ల దాకా వేడి కింద తగలేస్తుంది. రేకులు అదిరి జుయ్యిమంటూ రొద కూడా పెడుతుంది. అయితే దాని అసలు లోపం కంటికి ఆననిది. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబు వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. ఆ అలజడిని కన్ను పోల్చుకోలేదు గానీ శరీరం మాత్రం పట్టించుకుంటుంది. 1989లో పరిశోధకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం బ్రిటన్‌లోని ఒక ఆఫీసులో, ఏ లైటు ఏదో ఉద్యోగులకు చెప్పకుండా, ఈ చోక్‌నూ ఎలక్ట్రానిక్ చోక్‌నూ మార్చి మార్చి వాడి చూసింది. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న రోజుల్లో తలనొప్పులు, కళ్ల అలసట సగానికి పైగా తగ్గాయి. వర్క్‌షాపుల్లో ముప్పు ఇంకా సూటిగా ఉంటుంది: గిర్రున తిరిగే లేత్ ఈ వెలుగులో ఆగిపోయినట్టు కనబడవచ్చు.

ఎలక్ట్రానిక్ చోక్ ముందు ఏసీని డీసీగా మారుస్తుంది. తర్వాత ట్రాన్సిస్టర్లతో దాన్ని సెకనుకు 20 వేల సార్లకు మించిన వేగంతో అటూ ఇటూ మళ్లిస్తుంది. ఆ వేగంలో ట్యూబులోని అయాన్లకు మళ్లీ మామూలు పరమాణువులుగా మారే వ్యవధే దొరకదు. అందువల్ల అవే వాట్లకు దాదాపు పది శాతం ఎక్కువ వెలుగు వస్తుంది. ఇంకోలా చెప్పాలంటే, 36 వాట్ల ట్యూబు 32 వాట్లకే అంత వెలుగూ ఇస్తుంది. చోక్ తాను తినేది మూడు నాలుగు వాట్లే. పాత పట్టీ లాగే 46 వాట్లు ఇక్కడ 36కు దిగుతాయి.

ఇంట్లో రెండు ట్యూబులకు ఇది పెద్ద లెక్క కాదు. అదే 60 ట్యూబులు రోజుకు 12 గంటలు వెలిగే బట్టల షోరూంలో అయితే రోజుకు 7.2 యూనిట్లు, నెలకు 216 యూనిట్లు ఆదా. చోక్‌ల వేడి తగ్గినందుకు ఎయిర్ కండిషనర్ మీద భారం తగ్గడం అదనం. కండెన్సర్ లేని పాత చోక్ పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.5 దగ్గర ఉంటుంది. మంచి ఎలక్ట్రానిక్ చోక్‌ది 0.95 దాటుతుంది. పనికొచ్చినా రాకపోయినా లాగినదంతా లెక్కలోకి వచ్చే కేవీఏహెచ్ పద్ధతిలో బిల్లు కట్టే హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులకు ఈ తేడా నేరుగా డబ్బే. లో వోల్టేజిలో పాత ట్యూబు స్టార్టర్ టపటపలాడుతూ మిణుకుమిణుకుమంటుంటే, ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబు ఒక్కసారిగా వెలుగుతుంది.

అలాగని చవక రకం కొనడం తెలివి కాదు. ఫిల్టర్ లేని చోక్‌లు పుట్టించే మూడో హార్మోనిక్ కరెంట్లు (సరఫరా కంటే మూడు రెట్ల వేగంతో అటూ ఇటూ మళ్లేవి) మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్ తీగలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పెద్ద భవనాల్లో ఆ తీగ వేడెక్కేది అందువల్లే. సర్జ్ రక్షణ లేనివి ఉరుములు మెరుపుల కాలంలో మాడిపోతాయి.

ఇప్పుడు ట్యూబుల స్థానంలోకి ఎల్‌ఈడీలు వచ్చాయి. చోక్ పనిని వాటిలో డ్రైవర్ చేస్తోంది. నాసిరకం డ్రైవరున్న ఎల్‌ఈడీ పాత ట్యూబులాగే సెకనుకు 100 సార్లు అదురుతుంది. కొనేముందు షాపులోనే దాన్ని వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్లటి చారలు పాకితే, అది చదువుకునే గదికి, ఆఫీసు బల్లకు పనికిరాదు.