అమ్ముగూడ నుంచి ఈస్ట్ బెంగాల్‌కు: లెఫ్ట్ వింగర్ బలరాం ఏడేళ్ళ ఆట

డ్యూటీలో ఉండి ఈసారి ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం, సగం విన్నాక ఇంటి నుంచి ఫోన్ వచ్చి ఆపేసినవాళ్ళ కోసం, అందులో మాట్లాడిన విషయాన్ని కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. విషయం ఫుట్‌బాల్. క్రికెట్ అనుకుని వచ్చినవాళ్ళు కూడా కాసేపు ఉండండి, మన హైదరాబాద్ సంగతే.

నేను టెక్సాస్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఇక్కడ సైట్ మీద లంచ్ టైమ్‌లో మెక్సికో, హోండురాస్ వాళ్ళ నోట ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. 2026 వరల్డ్ కప్ అమెరికా, కెనడా, మెక్సికోలకు ఇచ్చినప్పటి నుంచి అది ఇంకా ఎక్కువైంది. "మీ ఇండియాలో ఫుట్‌బాల్ ఆడతారా?" అని వాళ్ళు అడిగితే మన పిల్లలు నవ్వి ఊరుకుంటారు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకాయన మాత్రం నాతో, "మీది హైదరాబాదా? బలరాం ఊరు గదా" అన్నాడు. వాళ్ళ తాతగారు ఈస్ట్ బెంగాల్ క్లబ్ అభిమాని అట. మన దగ్గర ఎంతమందికి ఆ పేరు తెలుసు?

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టారు. బొల్లారం రైలెక్కినవాళ్ళకి ఆ స్టేషన్ తెలుసు. చుట్టూ కంటోన్మెంట్. మిలిటరీ ఉన్నచోట మైదానం ఉంటుంది, మైదానం ఉన్నచోట బంతి ఉంటుంది. ఇల్లు పేదది. ఆ రోజుల్లో ఆ బస్తీల పిల్లలకు బూట్లు పెద్ద మాట, ఉత్త కాళ్ళతోనే ఆడేవాళ్ళు.

ఆయన్ని చూసి పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి రహీం సాబ్ గుర్తుంటారు, అజయ్ దేవగణ్ వేసిన పాత్ర. స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. ఇండియా టీమ్‌కూ ఆయనే కోచ్. ఆయన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ఆటగాడికి అలవాటు లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. కుడికాలి వాడు ఎడమ కాలితోనే కొట్టాలి. తాపీ పట్టుకునే చెయ్యి మార్చి పనిచెయ్యమంటే మన మేస్త్రీలు ఎంత తిడతారో నాకు తెలుసు. అయినా మూల గోడ దగ్గర ఆ రెండో చెయ్యే పనికొస్తుంది.

బలరాం ఆడిన హైదరాబాద్ జట్టు 1956-57లో, మళ్ళీ 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంటే దేశంలోని అన్ని రాష్ట్రాల జట్లలో మనదే మొదటిది, అదీ వరసగా రెండేళ్ళు. 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో బలరాం ఉన్నారు, వయసు 20. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టి సెమీ ఫైనల్‌కు చేరింది. తర్వాత యుగోస్లేవియా చేతిలో, బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో ఆగింది. ఇదీ మీరు ఆ మెక్సికో తమ్ముళ్ళకు చెప్పాల్సిన జవాబు.

ఇక వింగర్ అంటే ఏంటో చెప్పాలి, లేకపోతే ఆయన గొప్పదనం అర్థం కాదు. మైదానానికి రెండు పక్కలా సున్నం గీత ఉంటుంది గదా, ఆ గీతను అంటిపెట్టుకుని పరుగెత్తేవాడు వింగర్. మన దగ్గర పాతవాళ్ళు రైట్ అవుట్, లెఫ్ట్ అవుట్ అనేవాళ్ళు. అవతలి బ్యాక్‌ను ఒంటరిగా ఎదుర్కుని, దాటేసి, గోల్ ముందుకు బంతి వెయ్యాలి. చాలామంది వింగర్ల పని అక్కడితో అయిపోతుంది. బలరాం ఎడమ గీత మీద మొదలుపెట్టి లోపలికి వచ్చేసేవారు, వచ్చి తనే గోల్ కొట్టేవారు. ఇన్‌సైడ్ లెఫ్ట్ ఆడమంటే ఆడారు, మధ్యలో ఫార్వర్డ్‌గా ఆడమంటే అదీ చేశారు. వేగం ఒక్కటే ఉన్న వింగర్‌కు ఇది కుదరదు, ఎప్పుడు లోపలికి రావాలో తెలియాలి.

1957లో ఆయన కలకత్తా వెళ్ళిపోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఎందుకు వెళ్ళారని అడిగితే, మనం ఎందుకు వచ్చామో అందుకే. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్‌కు పెద్ద మార్కెట్ కలకత్తా. జనం అక్కడ, పత్రికలు అక్కడ, పెద్ద క్లబ్బులు అక్కడ. పేరుకి అందరూ అమెచ్యూర్లే, జీతం తీసుకుని ఆడితే ఒలింపిక్స్‌కు పనికిరారు. క్లబ్బులు ఖర్చులు చూసుకునేవి, రైల్వేలు, పోలీసు, పోర్టు లాంటి సంస్థలు ఉద్యోగం ఇచ్చి తమ టీమ్‌లో ఆడించుకునేవి.

ఈస్ట్ బెంగాల్ క్లబ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1920లో పెట్టారు. తూర్పు బెంగాల్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి కలకత్తా వచ్చినవాళ్ళ క్లబ్ అది. 1947 తర్వాత ఇల్లూ పొలమూ వదిలి లక్షల మంది అలా వచ్చిపడ్డారు. కొత్త ఊళ్ళో వాళ్ళని "బాంగాల్" అని వేరుగా చూసేవాళ్ళు. వాళ్ళు తలెత్తుకుని తిరగడానికి దొరికిన చోటు ఆ ఎరుపు, బంగారు రంగుల జెర్సీ. ఎదురు క్లబ్ మోహన్ బగాన్, కలకత్తా పాతకాపులది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇలిష్ అంటే వేరే ఏదో కాదు, మన గోదావరి పులసే. వలస వచ్చినవాళ్ళ క్లబ్‌కు వలస వెళ్ళిన హైదరాబాదీ గోల్స్ కొట్టాడు. అంతకు ముందే, 1950ల మొదట్లో ఆ క్లబ్ ముందు వరసలో ఐదుగురు దక్షిణాది వాళ్ళు ఉండేవారు: అహ్మద్ ఖాన్, వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, సాలె. బెంగాలీలు వాళ్ళని పంచపాండవులు అని పిలుచుకున్నారు. బలరాం ఆ దారిన వెళ్ళినవారే.

క్లబ్‌కు 1958లో ఐఎఫ్ఏ షీల్డ్ వచ్చింది. 1960లో డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. 1961లో బలరాం కెప్టెన్. 1952 తర్వాత తొమ్మిదేళ్ళుగా రాని కలకత్తా లీగ్ టైటిల్ ఆ ఏడాది వచ్చింది. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచింది ఆయనే. ఆ క్లబ్‌కు మొత్తం 104 గోల్స్ చేశారు. వింగ్ మీద ఆడే మనిషికి ఇది మామూలు లెక్క కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి కొంచెం ఆగి చెప్తాను. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఇప్పుడు ఆ పేర్లు వింటే మనకు భయం వేస్తుంది గదా? హంగరీతో 1-2తో ఓడిపోయాం, మన గోల్ బలరాంది. ఆ మ్యాచ్‌లో హంగరీకి గోల్ కొట్టినవాళ్ళలో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఒకరు, 1967లో ఆయనకు యూరప్ ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. పెరూతో 1-3, ఆ ఒక్కటీ మళ్ళీ బలరాందే. అంటే రోమ్‌లో ఇండియా చేసిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ పిల్లాడివి.

రెండేళ్ళకు, 1962లో, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 దెబ్బ. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, ఈ రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. ఆతిథ్య దేశంతో వేరే గొడవ వచ్చి స్టేడియం మొత్తం ఇండియాకు ఎదురు అరుస్తోంది. పీకే ఒకటి, తలకు కుట్లు పడి ఉన్న జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1, బంగారం. ఆ ముందు వరసలో కుడి గీత మీద పీకే, లోపల చునీ గోస్వామి, ఎడమ గీత మీద బలరాం. పీకేది ఈస్టర్న్ రైల్వే, చునీది మోహన్ బగాన్, ఈయనది ఈస్ట్ బెంగాల్. కలకత్తాలో ఎదురెదురుగా ఆడే ముగ్గురు దేశానికి ఒక్క వరసలో ఆడారు. అదే ఏడాది బలరాంకు అర్జున అవార్డు ఇచ్చారు.

మరుసటి ఏడాదే ఆట అయిపోయింది. 1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్‌కు, అంటే రైల్వే టీమ్‌కు మారారు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. దాన్ని ప్లూరసీ అంటారు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర వాచిపోయి, గట్టిగా గాలి పీలిస్తే కత్తితో పొడిచినట్టు ఉంటుంది. గీత పొడుగునా పరుగెత్తడమే పనిగా ఉన్నవాడికి ఇంకేం మిగులుతుంది? 27 ఏళ్ళకే ఆట మానేశారు. మెల్‌బోర్న్ నుంచి లెక్కేస్తే ఏడేళ్ళు. అదే 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ మళ్ళీ ఆ ఎత్తుకు రాలేదు.

ఇక్కడ ఒక్కమాట, మన పనివాళ్ళ కోసం. కాంక్రీటు కోసేటప్పుడు, గ్రైండ్ చేసేటప్పుడు లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు, సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. అమెరికాలో 2017 నుంచి కన్‌స్ట్రక్షన్‌కు గట్టి నియమం ఉంది: ఎనిమిది గంటల షిఫ్టు సగటున ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సిలికా దాటకూడదు, రంపానికి నీళ్ళో, దుమ్ము లాగే వాక్యూమో పెట్టాలి. నీళ్ళ పైపు తగిలించకుండా కోయమని ఎవరైనా తొందరపెడితే, నాలుగు నిమిషాలు ఆలస్యమైనా తగిలించాకే కోయండి. మన ఒళ్ళే మన రేటు. దుబాయ్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా అంతే.

ఆట పోయినా బలరాం రోడ్డున పడలేదు, దానికి కారణం రైల్వే. మారింది క్లబ్‌కు కాదు, ఉద్యోగం ఉన్న టీమ్‌కు. అభిమానులు అప్పుడు నొచ్చుకునే ఉంటారు, నాకు మాత్రం ఆయన చేసిన తెలివైన పనుల్లో అది ముందుంటుంది. తర్వాత బీఎన్ఆర్‌కు కోచ్‌గా ఉన్నారు, జాతీయ సెలెక్టర్‌గా పనిచేశారు, కలకత్తాలో పిల్లలకు ఆట నేర్పారు. పెళ్ళి చేసుకోలేదు. తిరిగి హైదరాబాద్‌కు కాపురం రాలేదు, హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడ్డారు. మనలో చాలామందికి ఇది తెలిసిన కథే. రెండేళ్ళు ఉండి వద్దామని వెళ్తాం, పని ఉన్న ఊరే సొంతూరు అయిపోతుంది, వదిలొచ్చిన ఊరికి మన మొహం గుర్తుండదు.

చునీ గోస్వామికి 1983లో, పీకే బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. అదే వరసలో ఎడమ చివర ఆడిన మనిషికి రాలేదు. ఆయన ఆ అసంతృప్తిని దాచుకోలేదు, అడిగినవాళ్ళకు మొహం మీదే చెప్పేవారు. నాకైతే అది తప్పనిపించదు. పీకే 2020 మార్చిలో, చునీ ఆ ఏప్రిల్‌లో పోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో, 86 ఏళ్ళ వయసులో.