ఆగిన జీపు

జీపు యుద్ధరంగము కొరకు పుట్టిన వాహనము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941లో, అమెరికాలోని విల్లీస్ సంస్థవారు సైన్యమునకై దానిని పెద్దసంఖ్యలో తయారుచేయసాగిరి. నాలుగు చక్రములకును యంత్రశక్తి అందుటచే అది బురదలోను, ఇసుకలోను, రాళ్లదారిలోను సాగిపోగలదు. 1952లో సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట అధికారుల జీపులు మన పల్లెలకును పరిచితములైనవి.

అట్టి వాహనము సైతము ఒక్కొక్కప్పుడు నడిదారిలో మొరాయించును. వాగు దాటినంతనే జీపు ఆగిపోయినదనుకొందము. సమీపమున ఊరు లేదు, ప్రొద్దు వాలుచున్నది, లోపల జ్వరపడిన బిడ్డతో ఒక తల్లి కూర్చుండియున్నది. అప్పుడు తొందరపడి చేతికందిన మరలన్నియు విప్పువాడు ఉన్న లోపమునకు మరి నాలుగు చేర్చును. నేర్పరియగు డ్రైవరు ముందు ఆలోచించి, పిమ్మట పనిముట్టు పట్టును.

పెట్రోలు యంత్రము నడచుటకు ముఖ్యముగా మూడు కావలెను: పెట్రోలు, గాలి, తగిన క్షణమున నిప్పురవ్వ. మీట నొక్కినను యంత్రము తిరుగకున్నచో బ్యాటరీని అనుమానింపవలెను. దీపములు మసకగా వెలిగినచో బ్యాటరీ బలము తగ్గియుండును, లేదా దాని కొనలకు చిలుము పట్టియుండును. యంత్రము తిరుగుచున్నను అంటుకొననిచో, మొట్టమొదట టాంకీలో పెట్రోలు కలదో లేదో చూడవలెను. ఇది నవ్వు పుట్టించు మాటయే గాని, మరచువారు పెక్కుమంది కలరు.

పెట్రోలు ఉన్నచో నిప్పురవ్వ సంగతి చూడవలెను. జీపు ఆగినది వాగు దాటిన వెంటనే గదా! డిస్ట్రిబ్యూటరు మూతకు తడి తగిలినచో విద్యుత్తు ప్లగ్గులకు చేరక పక్కదారి పట్టును. మూతను, తీగలను పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టినచో తరచుగా యంత్రము మరల పలుకును. అయితే గాలిగొట్టము గుండ నీరు లోనికి పోయినదను అనుమానమున్నచో మీట నొక్కనేరాదు. గాలివలె నీరు అణగదు. పిస్టను కడ్డీలు వంగిపోవును.

ఆగిన చోటునుబట్టి కారణమును మారును. మండుటెండలో ఘాటు ఎక్కునపుడు పెట్రోలు గొట్టములోనే ఆవిరియై యంత్రమునకు అందకపోవచ్చును. అప్పుడు గొట్టముపై తడిగుడ్డ చుట్టి చల్లార్చవలెను. యంత్రము మితిమీరి కాగినచో రేడియేటరుకు బురద పట్టినదేమో, ఫ్యాను పట్టా వదులైనదేమో చూడవలెను. కాని వేడిమీద రేడియేటరు మూత తెరువరాదు. ఒత్తిడిలోనున్న నీరు 100 డిగ్రీలకు మించి కాగియుండును. మూత తీసినంతనే మరుగునీరు, ఆవిరి చిమ్మి ముఖమును కాల్చును.

జీపు కదలిన పిమ్మటను వాగును మరువరాదు. తడిసిన బ్రేకులు వెంటనే పట్టవు. కొంతదూరము నెమ్మదిగా నడుపుచు బ్రేకును తేలికగా నొక్కుచుండినచో, ఆ రాపిడి వేడికి అవి ఆరును.

నేటి వాహనములలో డిస్ట్రిబ్యూటరు పనిని ఎలెక్ట్రానిక్ సాధనములు చేయుచున్నవి; లోపమును చూపు పరికరములును వచ్చినవి. అయినను వెదకు పద్ధతి మారలేదు. సులభమైనది ముందు, కష్టమైనది వెనుక; ఒక్కసారికి ఒక్కటే పరీక్ష. యంత్రమునకు అలుక లేదు, పంతము లేదు. అది ఆగినచో కారణముండియే తీరును. ఆ కారణమును ఓర్పుతో వెదకినవాడే చీకటి పడకమున్ను బిడ్డను ఆసుపత్రికి చేర్చగలడు.