కన్నులు కానని వ్రేళ్లకు త్రోవ చూపునదెవరు?

2001లో అమెరికాలో జన్మించిన మాథ్యూ విటేకర్ అను అంధబాలుడు, పదేండ్ల ప్రాయముననే న్యూయార్కులోని అపోలో నాటకశాలలో, తనవలెనే కన్నులు కానని గాయకుడు స్టీవీ వండర్‌ను సత్కరించిన సభయందు కీబోర్డు వాయించి శ్రోతలను మురిపించెను. చూడకయే సరియైన మెట్టును అతడెట్లు నొక్కగలిగెను?

రాత్రివేళ కరెంటు పోయినపుడు, అమ్మ చీకటిలోనే చేయి చాచి పోపుల డబ్బా తీయును కదా. ఆమెకు దారి చెప్పునది చేతి అలవాటే. కీబోర్డుపై నల్లమెట్లు తెల్లమెట్లకన్న ఎత్తుగా, ఒకచోట రెండు, ఆపై మూడు చొప్పున గుంపులై, పన్నెండు మెట్లకొకమారు అదే వరుస మరల వచ్చునట్లు అమర్పబడియుండును గనుక, వ్రేళ్లతో తడిమినంతనే తానెచ్చట నున్నదియు వాయించువానికి తెలిసిపోవును. ఎంత దూరము జరుగవలెనో సాధన నేర్పును, తప్పినచో చెవి తక్షణమే దిద్దును. మాథ్యూ వాయించు జాజ్ సంగీతమున చెవికి మరింత పని, ఏలయన అందు అప్పటికప్పుడు స్వరములు కల్పించుకొనవలెను. మన తెలుగునాట చూపు మందమైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారును అట్టి సాధనబలముననే 1919లో విజయనగర సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులైరి.

నాకు మిక్కిలి అద్భుతముగా తోచునది మరియొకటి కలదు. మన మెదడు వెనుకభాగము చూపునకై ఏర్పడినది. చార్లెస్ లిమ్ అను వైద్యుడు మాథ్యూ మెదడును యంత్రముతో పరిశీలింపగా, విసుగు పుట్టించు ఉపన్యాసము వినునపుడు ఊరకున్న ఆ భాగమే, అతనికిష్టమైన సంగీతము వినబడగనే మేల్కొని పనిచేయసాగెను.