నలుసులు కలసిన నీరు - వేడి

వరద కాలమున నరసాపురము వద్ద వసిష్ఠ గోదావరి నీరు ఎర్రగా నుండును. ఆ నీటిని బిందెలో నుంచినచో ఇసుక వెంటనే అడుగునకు చేరును. ఒండ్రు నెమ్మదిగా దిగును. మిక్కిలి సన్నని బంకమన్ను చాలకాలము తేలుచునే యుండును. స్టోక్స్ సూత్రము ప్రకారము, నిశ్చల ద్రవములో నలుసు దిగు వేగము దాని వ్యాసము యొక్క వర్గమును బట్టి యుండును. వ్యాసము వెయ్యవ వంతైనచో వేగము పదిలక్షలవ వంతగును.

యంత్రములను చల్లార్చుటకు ఈ గుణము ఉపయోగపడునా? నీటి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.6 వాట్లు; రాగిది సుమారు 400. లోహపు పొడిని కలిపినచో నీటి వాహకత పెరుగవలెను. కాని ముతకపొడి అడుగున పేరుకొనును, గొట్టములను అరగదీయును. అందుచే 1995లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ చోయ్ నానోమీటర్ల పరిమాణముగల నలుసులను సూచించి, అట్టి మిశ్రమమునకు నానో ద్రవమని పేరిడెను. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు.

లాభమెంత? 100 ఘనసెంటీమీటర్ల మిశ్రమములో 2 ఘనసెంటీమీటర్లు లోహపు నలుసులనుకొందము. మాక్స్‌వెల్ సూత్రము మేరకు వాహకత సుమారు 6 శాతము పెరుగును. ఐన్‌స్టీన్ సూత్రము మేరకు స్నిగ్ధతయు 5 శాతము పెరుగును. అనగా ద్రవము చిక్కబడును. దానిని అదే వేగముతో నడుపుటకు పంపు ఎక్కువ పని చేయవలెను. తొలి ప్రయోగములలో కొన్ని ఇంతకంటె చాల హెచ్చు లాభమును చూపినవి. కాని ముప్పదికి పైగా సంస్థలు ఒకే నమూనాలను కొలిచి 2009లో ప్రకటించిన ఫలితములు పాత సిద్ధాంతముతోనే చాలవరకు సరిపోయినవి.

మరియొక చిక్కు గలదు. నరసాపురమునకు దిగువన, అంతర్వేది వద్ద, నది సముద్రమున కలియును. బంకమన్ను నలుసులపై ఋణ విద్యుదావేశ ముండుటచే మంచినీటిలో అవి ఒకదానినొకటి వికర్షించుకొనును. సముద్రపు ఉప్పులోని అయానులు ఈ వికర్షణ ప్రభావమును తగ్గించును. అప్పుడు నలుసులు గుంపులు కట్టి త్వరగా దిగును. నానో ద్రవములోని నలుసులును ఇట్లే గుంపుకట్టినచో స్నిగ్ధత మరింత పెరుగును. కాలక్రమమున నలుసులు అడుగున చేరును.

దీనిని తరగతిలో చూపవచ్చును. రెండు గాజుగ్లాసులలో బురదనీటిని సమముగా పోసి, ఒకదానిలో చెంచాడు ఉప్పు కలిపి, రెండింటిని కదల్చక నుంచవలెను. ఏది ముందు తేరునో విద్యార్థులు గమనింతురు. మంచి నానో ద్రవమును చేయుట యనగా, రెండవ గ్లాసులోని నీటివలె నలుసులను విడివిడిగా నిలుపుటయే. వాహకతలో వచ్చిన లాభము నుండి పంపునకగు వ్యయమును తీసివేసిన పిమ్మటనే దాని విలువ తేలును.